ఏటి పేరు – బండి పేరు

పేరు పెట్టడం తేలికైన పనిగా తోస్తుంది. కాని ఒక్కొక్క పేరు వెనుక ఒక జాతి విశ్వాసం, ఒక కాలపు అవసరం దాగి ఉంటాయి. మన ఎలమంచిలి పక్కగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా ప్రయాణిస్తే తమిళనాడు సరిహద్దులో తడ వస్తుంది. దానికి సమీపంలోని శ్రీసిటీలో 2016 ఏప్రిల్‌లో జపాను దేశపు ‘ఇసుజు’ సంస్థ వాహన కర్మాగారం ప్రారంభమైంది. ఈ పేరు ఎక్కడిది?

ఈ సంస్థ పుట్టుక నౌకలతో ముడిపడి ఉంది. టోక్యోలోని ఇషికావాజిమా నౌకానిర్మాణ సంస్థ 1916లో మోటారు వాహనాల తయారీకి సంకల్పించింది. విశాఖపట్నంలో ఓడలు కట్టడం ఎరిగిన మన ప్రాంతం వారికి ఇది వింత కాదు. ఉక్కును మలచి యంత్రాలను బిగించగల చేతులు ఓడ నుండి బండికి మళ్ళడం సహజమే. 1918లో ఇంగ్లండుకు చెందిన ఉల్స్‌లీ సంస్థతో ఒప్పందం కుదిరింది. 1922లో తొలి కారు జపానులోనే తయారైంది. అయితే దాని పేరు కూడా ఉల్స్‌లీయే. శ్రమ స్వదేశానిది, పేరు పరదేశానిది.

స్వంత పేరు 1934లో వచ్చింది. ప్రభుత్వ ప్రమాణాలకు అనుగుణంగా రూపొందించిన వాహనానికి ‘ఇసుజు’ అని నామకరణం చేశారు. హోండా, సుజుకి అనేవి వ్యవస్థాపకుల ఇంటిపేర్లు. టొయోటా కూడా ‘టొయోడా’ అనే ఇంటిపేరుకు 1936లో చేసిన చిన్న మార్పే. ఇసుజు మాత్రం మనిషి పేరు కాదు, ఒక నది పేరు. జపానీయులు పరమపవిత్రంగా భావించే ఇసె ఆలయం చెంత ఆ నది ప్రవహిస్తుంది. యాత్రికులు ఆ నీటిలో చేతులు కడుగుకొని సూర్యదేవత దర్శనానికి వెళతారు. గోదావరిలో మునిగి గుడికి నడిచే మనకు ఆ భావన సుపరిచితమే.

అప్పటికి అది బండి పేరు మాత్రమే. సంస్థ పేరు పలుమార్లు మారింది. 1937లో అది టోక్యో ఆటోమొబైల్ పరిశ్రమ, 1941లో డీజిల్ మోటారు పరిశ్రమ. యుద్ధం ముగిసిన తరువాత, 1949లో, సంస్థ తన బండి పేరునే తన పేరుగా స్వీకరించింది. బిడ్డ పేరు తల్లికి వచ్చినట్లయింది.

‘పంకజం’ అంటే బురదలో పుట్టినది అని అర్థం. అయినా మన మనస్సులో మెదిలేది తామరపువ్వే. ఇటువంటి పదాలను మన లాక్షణికులు యోగరూఢాలన్నారు. ‘ఇసుజు’ను రాసే అక్షరాలకు ‘యాభై మువ్వలు’ అని అర్థం. ఆ మువ్వలు ఏరయ్యాయి, ఏరు బండి అయింది, బండి సంస్థ అయింది. అర్థం మారినా శబ్దం నిలిచింది.

నేడు ఆ శబ్దం మన నేల మీద తయారైన బండ్ల నుదుట కనిపిస్తున్నది. పరుల నమూనాతో పని నేర్చుకొన్న జాతి తన ఏటి పేరును తన పనికి పెట్టుకొన్నది. మనం చేసిన వస్తువుకు మన ఏటి పేరు పెట్టే దినం కొరకు మనమూ పని నేర్వాలి.

అభ్యాసం
1. ‘శ్రమ స్వదేశానిది, పేరు పరదేశానిది’ – సందర్భాన్ని వివరించండి.
2. యోగరూఢం అంటే ఏమిటి? పాఠం ఆధారంగా తెలిపి, మరొక ఉదాహరణ ఇవ్వండి.