టీకా మరల ఎందులకు?

"బిడ్డకు ఒకమారు టీకా వేయించితిమి గదా, మరల ఎందులకు?" అని తల్లులు ప్రశ్నించుట పంచాయతీ సభ్యులు వినియే యుందురు. దీనికి సమాధానము మన శరీరమునందే కలదు.

తెల్ల రక్తకణములలో లింఫోసైట్లు అనునవి ఒక జాతి. ఒక్కొక్కటి ఏదో యొక శత్రువును మాత్రమే గుర్తింపగలదు. ఆ శత్రువు ఎదురుపడువరకు నిద్రాణమై యుండును.

టీకామందు కండలోనికి చేరగానే, అచటి కావలి కణములు దాని తునకలను గ్రహించి సమీపమునందలి లింఫు గ్రంథులకు కొనిపోవును. కాలికి పుండు పడినపుడు గజ్జలలో బిళ్ళ కట్టునవి ఈ గ్రంథులే. అచట 'టి' లింఫోసైటు మేల్కొనుటకు రెండు సంకేతములు కావలయును. తన శత్రువు తునక కనబడుట మొదటిది. అపాయము కలదని కావలి కణము తెలుపుట రెండవది. మొదటిది మాత్రమే లభించినచో అది మేల్కొనదు. రెండును లభించినచో కొలది దినములలో ఒకటి వేలసంఖ్యకు పెరుగును. వాని సాయముతో 'బి' లింఫోసైట్లు ప్రతిరక్షకములను తయారుచేయును.

పిమ్మట వీనిలో పెక్కు నశించి, కొన్ని మాత్రము జ్ఞాపక కణములై నిలుచును. మరుమోతాదు వానిని లేపి వృద్ధిచేయును. అందుచేతనే కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతములు రాకుండ 6, 10, 14 వారములకు పెంటావలెంట్ టీకాయు, 16-24 నెలల నడుమ డి.పి.టి. టీకాయు నిర్ణయింపబడినవి.

కావున సభ్యులు తమ వార్డులలో, ముఖ్యముగా వలసపోయి వచ్చిన కుటుంబములలో, శిశువుల టీకా కార్డులను పరిశీలింపవలయును. మోతాదు తప్పినచో మొదటినుండి ఆరంభింపనక్కరలేదు. మిగిలినవానిని ఆరోగ్య కార్యకర్తచే వెంటనే పూర్తిచేయించిన చాలును.