బుడగ బలం

క్షణభంగురమైన జీవితాన్ని పెద్దలు నీటిబుడగతో పోల్చారు. కాని బుడగ చితికే ఆ క్షణంలోనే మహాశక్తి దాగి ఉంది. ద్రవంలో పీడనం బాగా తగ్గినచోట ఆవిరి బుడగలు పుడతాయి. పీడనం పెరగగానే కూలిపోతాయి. ఓడల చోదకచక్రాల లోహాన్ని సైతం తొలిచే ఈ ఉత్పాతాన్ని 1917లో రేలీ అనే శాస్త్రవేత్త గణితంతో విశదీకరించాడు.

నాశనం చేసే ఆ శక్తినే మేలుకు మళ్లించవచ్చు. నూనె, మిథనాల్ తమంత తాముగా కలిసిపోవు. వాటిని ఇరుకు రంధ్రం గుండా వేగంగా పంపినా, అతిధ్వని తరంగాలకు గురిచేసినా బుడగలు పుట్టి కూలుతాయి. ఆ తాకిడికి రెండు ద్రవాలూ సూక్ష్మబిందువులై పెనవేసుకుంటాయి. క్షార ఉత్ప్రేరకం తోడైతే గంట పట్టే చర్య నిమిషాలలో ముగిసి బయోడీజిల్, గ్లిసరాల్ ఏర్పడతాయి. మరిగి మరిగి వంటకు పనికిరాని నూనె కూడా, శుద్ధిచేస్తే, ఆరోగ్యాన్ని చెరచక బండికి ఇంధనమవుతుంది.