చేను గట్టున నెమలి గుడ్లు

ప్రశ్న: మా జొన్నచేను గట్టున పొద కింద ఐదు గుడ్లు కనిపించాయి. నెమలివే అనుకుంటున్నాం. కోడి కింద పెట్టి పొదిగించవచ్చా?
— ఒక రైతు, అన్నూరు

జవాబు: ముట్టుకోకండి. కోడి పొదిగితే పిల్లలవుతాయి, నిజమే. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో నెమలి ఉంది. గుడ్లను కదిలించినా, పాడుచేసినా వేటకిందే లెక్క. కనీస శిక్ష మూడేళ్ల జైలు.

నెమలి చెట్టుమీద గూడు అల్లదు. పొదచాటున నేల గీరి సాధారణంగా నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. సుమారు 28 రోజులు పొదిగేది ఆడపక్షి ఒక్కటే. పింఛం విప్పి ఆడిన మగనెమలి పలు పెట్టలతో జతకట్టి తప్పుకుంటుంది. ఆపైన సంసారం ఊసే దానికి పట్టదు! మగదాని కన్నీరు తాగి పెట్ట గుడ్లు పెడుతుందన్నది ఉత్త కట్టుకథ. 2017లో రాజస్థాన్ హైకోర్టు న్యాయమూర్తి ఒకరు కూడా ఆ కట్టుకథనే నిజమని చెప్పారు లెండి. నిజానికి అవీ కోళ్లలాగే జతకడతాయి.

నెమళ్లు విత్తనాలు ఏరుకు తింటున్నాయన్న మీ ప్రాంత రైతుల బాధ న్యాయమైనదే. పంట నష్టం జరిగితే అటవీశాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఇక ఆ గుడ్ల సంగతంటారా, పిల్లలు గుడ్డు పగిలి బయటికొచ్చిన కొద్దిసేపటికే తల్లివెంట నడిచి వెళ్లిపోతాయి. అందాకా ఆ పొద చుట్టూ దున్నకండి, కుక్కల్ని అటు పోనివ్వకండి.