ఊరు ఎక్కడికీ పోలేదు, పట్నమే వచ్చింది

నల్లకుంటలో కుంట ఎక్కడుంది? మాసాబ్ ట్యాంక్‌లో ట్యాంక్ ఏది? కూకట్‌పల్లిలో పల్లె ఎటు? రోజూ బస్సు బోర్డుల మీద చదివే ఈ పేర్లు ఒకప్పుడు అక్షరాలా నిజం. కుంట అంటే నిజంగానే కుంట, పల్లి అంటే పల్లే. నగరం అన్నింటినీ మింగింది గానీ పేర్లు మాత్రం దానికి అరగలేదు.

ఈ సంచికకి కవిత ఇవ్వమని అడిగారు. నాకు కవిత రాదు, కాబట్టి పాఠం చెప్తా. ఒక నగరం తన పక్క ఊళ్ళను ఎలా కలుపుకుంటుంది అనేది పాఠం. ఉదాహరణ హైదరాబాద్, అందులోనూ ఎక్కువగా కూకట్‌పల్లి. మనలో చాలామందికి కూకట్‌పల్లి అంటే జేఎన్‌టీయూ, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. నాకు మాత్రం మా అమ్మమ్మ వాళ్ళ ఊరు.

ఇలా కలుపుకోవడం హైదరాబాద్‌కి కొత్తేమీ కాదు. 1591లో పుట్టిన ఊరు ఇది. 1806లో హుస్సేన్ సాగర్‌కి అవతల బ్రిటిష్ సైన్యం ఉండే చోటుకి సికిందర్ జా పేరుమీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. చాలాకాలం రెండూ వేరు వేరు ఊళ్ళే. 1960లో రెండింటి కార్పొరేషన్లూ కలిసి ఒకటయ్యాయి. తమాషా ఏంటంటే, అప్పుడు కలవకుండా మిగిలిన కంటోన్మెంట్ ప్రాంతం తర్వాత కూడా వేరే బోర్డు కిందే ఉండిపోయింది. చుట్టూ నగరం, మధ్యలో నగరం కాని ముక్క. మ్యాప్‌లో చూస్తే గారెకి చిల్లు పెట్టినట్టు ఉంటుంది.

నాకు అర్థమైనంతలో నగరం ఒక ఊరిని ఒక్క రోజులో కలుపుకోదు. ముందు భూమిని తీసుకుంటుంది. చాలా ఏళ్ళకి ఆఫీసు బోర్డు మారుతుంది. నీళ్ళూ, కాగితాలూ అన్నిటికంటే ఆఖర్న వస్తాయి, ఒక్కోసారి రావు. ఈ మూడింటి మధ్య ఉండే ఖాళీలోనే మనుషులు బతకాల్సి వస్తుంది.

భూమి సంగతి చూద్దాం. 1960ల్లో బాలానగర్ వైపు ఐడీపీఎల్, హెచ్ఏఎల్ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి. ఫ్యాక్టరీకి ఊరి బయట చౌక స్థలం కావాలి, పక్కన హైవే ఉండాలి. అక్కడ రెండూ ఉన్నాయి. పనిచేసేవాళ్ళకి అద్దె గదులు కావాలి కదా, అవి చుట్టుపక్కల ఊళ్ళలో దొరికాయి. తర్వాత హౌసింగ్ బోర్డు కాలనీ, అదే మనం కేపీహెచ్‌బీ అనేది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఇక ఆగలేదు. పొలాలు ఎకరాల్లోంచి గజాల్లోకి వచ్చేశాయి. ఒక ఊరు నగరంలో కలిసిపోయిందని చెప్పడానికి నాకు తెలిసిన మంచి గుర్తు ఇదే: జనం భూమిని గజాల్లో చెప్పడం మొదలుపెడతారు.

ఆఫీసు మారింది 2007 ఏప్రిల్‌లో. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, ఉప్పల్, మల్కాజ్‌గిరి, ఎల్బీనగర్ ఇలా చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేశారు. దాదాపు 170 చదరపు కిలోమీటర్ల నగరం 650 దాకా పెరిగింది. డేటా స్ట్రక్చర్స్‌లో యూనియన్-ఫైండ్ చదివినవాళ్ళకి ఇది ఈజీగా తెలుస్తుంది. రెండు సెట్లను కలపాలంటే లోపలి నోడ్లను కదపక్కర్లేదు, ఒక రూట్ పాయింటర్ మారిస్తే చాలు. అక్కడ జరిగింది కూడా అదే. రూట్ మారింది, లోపలి సందులు, మోరీలు, నీళ్ళ బాధలు ఉన్నచోటే ఉన్నాయి. మా అమ్మమ్మ ఇప్పటికీ కోఠీకి వెళ్తుంటే "పట్నం పోయొస్తా" అనే అంటుంది. "నువ్వు ఉండేది పట్నంలోనే కదా అమ్మమ్మా" అంటే, "మేమేడికి పోలే బిడ్డా, పట్నమే మా సుట్టూత వచ్చి కూసున్నది" అంటుంది.

నీళ్ళ దగ్గర కాసేపు ఆగాలి. ఇక్కడి చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైచెరువు నిండితే మత్తడి దుంకి కిందిచెరువులోకి నీళ్ళు పోతాయి. కట్ట గట్టిగా ఉందా, తూము సరిగా ఉందా, కాలువలో పూడిక తీశారా అని రైతులు చూసుకునేవాళ్ళు. మంచితనంతో కాదు, చూసుకోకపోతే వాళ్ళ పొలమే ఎండుతుంది. ఆ పొలాలు ప్లాట్లయ్యాక తూముతో ఎవరికీ పనిలేదు. కాలువ కాస్తా నాలా అయింది, మురుగు పారేది అయింది. ఎండాకాలం బయటపడే శిఖం భూమి మీద మెల్లగా ఇళ్ళు లేచాయి. ఊరు చూసుకోవడం మానేసిన రోజుకీ, కార్పొరేషన్ చూసుకోవడం మొదలుపెట్టిన రోజుకీ మధ్య చాలా ఏళ్ళు పోయాయి. ఆ ఏళ్ళలో చెరువుకి దిక్కు లేదు. 2020 అక్టోబర్ వానలకి పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కింది కాలనీలు మునిగినప్పుడు అందరూ వానని తిట్టారు. వాన ఎక్కువే పడింది, నిజమే. కానీ నీళ్ళు కొత్త దారి వెతుక్కోలేదు, పాత దారిలోనే వచ్చాయి.

ఇక కాగితాలు. ప్రతి ఊళ్ళో జనం ఇళ్ళు కట్టుకుని ఉండే జాగాని గ్రామకంఠం అంటారు. పొలానికి ఉన్నట్టు అక్కడ ఒక్కో ఇంటికి విడిగా పట్టా ఉండడం అరుదు. తాతల నాటి నుంచి ఉంటున్నారు కాబట్టి అది వాళ్ళది, అంతే. ఊళ్ళో అందరికీ అందరూ తెలుసు, కాబట్టి అక్కడ అది సరిపోయేది. మా పెద్దమ్మ కొడుకు ఎంఎస్‌కి వెళ్ళాలని ఆ ఇల్లు పెట్టి లోన్ అడిగితే, బ్యాంకు వాళ్ళు లింక్ డాక్యుమెంట్లు తెమ్మన్నారు. మా మామయ్య దగ్గర ఉన్నవి ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు. కిలోమీటరు దూరంలో, నిన్నగాక మొన్న కట్టిన ఫ్లాట్‌కి లోన్ వస్తుంది. అన్నిటికంటే ముందునుంచీ ఉన్న ఇంటికి రాదు. చివరికి అమ్మమ్మ బంగారం తాకట్టు పెట్టి పంపించారు. బ్యాంకు రూల్ ప్రకారం కరెక్టే అయ్యుండొచ్చు. కానీ ఆ ఊరి పొలాలన్నీ గజాల లెక్కన కొన్న నగరం, ఊరి నడిబొడ్డుని మాత్రం లెక్కలోకే తీసుకోలేదని నాకు అనిపిస్తుంది.

ఇదంతా అయిపోయిన కథ కాదు. 2018లో తెలంగాణలో చాలా పంచాయతీలను మునిసిపాలిటీలు చేశారు. 2025 నవంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాని పక్కన ఉన్న 27 మునిసిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్ఎంసీలో కలపాలని రాష్ట్ర కేబినెట్ నిర్ణయించింది. ఆ రింగు చుట్టుకొలత 158 కిలోమీటర్లు, అంటే లోపల ఎన్ని ఊళ్ళుంటాయో ఊహించుకోండి. పంచాయతీ పోయి మునిసిపాలిటీ వస్తే స్థలం ఉన్నవాడికి రేటు పెరుగుతుంది. స్థలం లేక కూలికి వెళ్ళేవాళ్ళకి మాత్రం ఉపాధి హామీ పని పోతుంది, ఎందుకంటే అది గ్రామీణ ప్రాంతాలకి మాత్రమే. ఒకే ఊళ్ళో ఒకరికి లాభం, పక్కింటివాళ్ళకి నష్టం, అదీ ఒకే ఉత్తర్వుతో. న్యూస్‌లో మొదటిదే ఎక్కువ కనిపిస్తుంది.

పాఠం కాబట్టి హోంవర్క్ కూడా ఉండాలి. హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులున్నాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. మీరుండే హాస్టల్‌కి దగ్గర్లో ఉన్న చెరువుని అందులో వెతకండి. రేపు ఉద్యోగం వచ్చాక ఇంట్లోవాళ్ళు ఫ్లాట్ చూద్దాం అంటే బ్రోషర్ కంటే ముందు ఆ గీత చూడండి. ఇంకో పని, ఆ ఏరియాలో అందరికంటే పాత కిరాణా కొట్టు ఎక్కడుందో కనుక్కుని, అక్కడి పెద్దాయన్ని మత్తడి ఎటువైపు దుంకేదో అడగండి. ఆయన చెప్పిన దిక్కునీ, మ్యాప్‌లో ఉన్న దిక్కునీ పోల్చి క్లబ్ గ్రూప్‌లో పెడితే, వచ్చే సంచికకి అన్నీ కలిపి ఒక మ్యాప్ నేను గీస్తాను.