గగనమార్గాలు – దూరం, కాలం

తరగతి గదిలో వేలాడే ప్రపంచపటం మీద బెంగళూరు నుండి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో వరకు ఒక సరళరేఖ గీసి చూడండి. అది అరేబియాను, సహారా ఎడారిని, అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటిపోతుంది. ఆ రేఖ వెంట ప్రయాణిస్తే దూరం సుమారు 20,000 కిలోమీటర్లు. కాని ఆ రెండు విమానాశ్రయాల నడుమ కనిష్ఠ దూరం సుమారు 14,000 కిలోమీటర్లే. ఈ వ్యత్యాసానికి కారణమేమిటి?

పటం సమతలం, భూమి గోళాకారం. గోళం మీద రెండు బిందువుల నడుమ అతి దగ్గరి దారిని మహావృత్త చాపం అంటారు. గ్లోబు మీద ఆ రెండు నగరాలను కలుపుతూ ఒక దారాన్ని బిగించి పట్టుకొంటే ఆ చాపమే కనబడుతుంది. అది టిబెట్, సైబీరియా, అలాస్కాల మీదుగా సాగుతుంది.

అయితే అతి దగ్గరి దారి అన్నివేళలా క్షేమకరం కాదు. విమానం లోపలి వాయుపీడనం హఠాత్తుగా పడిపోతే చోదకులు సుమారు 3 కిలోమీటర్ల ఎత్తుకు దిగవలసి ఉంటుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4 కిలోమీటర్లకు మించినది. అందువల్ల విమానాలు సాధారణంగా ఆ ప్రాంతాన్ని తప్పించుకొని పోతాయి.

2021 జనవరి 9వ తేదీ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానం ఉత్తరధ్రువ మార్గంలో పయనించి, 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరు చేరింది. దానిని నడిపిన జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివాని మన్హాస్ నలుగురూ మహిళలే. ధ్రువమార్గం సులభమైనది కాదు. అక్కడ అయస్కాంత దిక్సూచిని నమ్మలేము. ఆపదలో దిగడానికి విమానాశ్రయాలు అరుదు. అమెరికాలో వాడే జెట్ ఇంధనం సుమారు మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టవచ్చు. కనుక దాని ఉష్ణోగ్రతను కనిపెట్టుకొని ఉండాలి.

ఆ ప్రయాణానికి పట్టినది సుమారు 17 గంటలే. మరి తేదీ రెండు రోజులు ముందుకు జరిగినదేమి? శాన్‌ఫ్రాన్సిస్కో కంటె మన గడియారం శీతకాలంలో పదమూడున్నర గంటలు ముందుంటుంది.

ప్రయాణకాలాన్ని గాలి కూడ నిర్ణయిస్తుంది. 10 కిలోమీటర్ల ఎత్తున పడమర నుండి తూర్పుకు జెట్ ప్రవాహాలు వేగంగా వీస్తాయి. 2016 అక్టోబరులో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మార్గానికి బదులు పసిఫిక్ మీదుగా తూర్పుదిశగా నడిపారు. దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగింది. కాలం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది.

దూరాన్ని కొలబద్దతో కొలవవచ్చు. దారిని మాత్రం గాలిని, చలిని, పర్వతాలను, వందలాది ప్రాణాల క్షేమాన్ని తూచి ఎన్నుకోవాలి.

అర్థాలు
కనిష్ఠం = మిక్కిలి తక్కువ
వ్యత్యాసం = తేడా
సమతలం = ఎత్తుపల్లాలు లేని తలం
చోదకుడు = నడిపేవాడు

ప్రశ్నలు
1. పటం మీది సరళరేఖ అతి దగ్గరి దారి ఎందుకు కాదు?
2. ధ్రువమార్గంలో చోదకులు ఎదుర్కొనే ఇబ్బందులను వివరించండి.
3. దూరం పెరిగినా కాలం తగ్గడానికి కారణం సోదాహరణంగా రాయండి.