కొలత వేరు, తూకము వేరు

సేరు, పావుసేరు అను మాటలు మన పలమనేరులో ఉర్దూ ఇండ్లకును తెలుగు ఇండ్లకును ఉమ్మడివి. ధాన్యము కొలుచు పాత్రయు సేరే, తక్కెడలోని రాయియు సేరే. ఆ తూకపు సేరైనను అంతటను ఒకటి గాదు. ఉత్తరాదిని 80 తులములు, అనగా సుమారు 933 గ్రాములు. 1953 వరకు మన జిల్లా చేరియుండిన మద్రాసు రాష్ట్రమున 24 తులములు, అనగా దాదాపు 280 గ్రాములు. 1956 నాటి చట్టము మెట్రిక్ పద్ధతిని తెచ్చి ఈ చిక్కును విప్పినది. వంటింటి చిక్కు మాత్రము మిగిలియున్నది.

లీటరు నీరు కిలో తూగును. అదే పాత్రలో నూనె సుమారు 910 గ్రాములు, తేనె దాదాపు 1400. బియ్యము రమారమి 800 గ్రాములే. గింజల నడుమ గాలి నిలుచును గదా! రాగిపిండి ఇంకను తేలిక. జల్లించి వదులుగా పోసినపుడు ఒక తూకము, తట్టి నింపినపుడు వేరొక తూకము. సంగటి జారినచో నీటినే నిందించుట అన్యాయమని మా అభిప్రాయము.

కనుక ఇంటి గ్లాసుతో ఒక్కొక్క సరకును ఒకసారి కొలిచి, తూచి వ్రాసికొనవలెను. గ్లాసెడు బియ్యము 200 గ్రాములైనచో కిలోకు 5 గ్లాసులు. ఈ లెక్క పిండికి పనికిరాదు.

నూనె కొనునపుడు దీని విలువ తెలియును. లీటరు నూనెను కిలో ధరకు కొన్నచో 90 గ్రాములు నష్టము. వసతిగృహమునకు నెలకు 100 లీటర్లు అట్లు కొనిన, పోవునది 9 కిలోలు.