భయపడే పెద్ద కుక్కకు ఇల్లు చూసేటప్పుడు



కుక్క కరిచాక ఏం చేయాలో ఈ పేజీలో చాలాసార్లు చెప్పుకున్నాం. ఈసారి కరవక ముందు సంగతి చెప్పుకుందాం. ఇందులో మా పొరపాటు కూడా ఉంది గనుక దాచకుండా రాస్తున్నాం.

2025 ఆగస్టులో ఒక వానరాత్రి ఎవరో ఆటోలో తెచ్చి మా ఆస్పత్రి గేటు దగ్గర ఒక కుక్కను దించి వెళ్ళిపోయారు. లాబ్రడారు కలిసిన జాతి. పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నా తూకంలో 32 కిలోలు తూగింది. ఆకారానికి తగిన ధైర్యం మాత్రం లేదు. స్ట్రెచర్ చక్రం కిర్రుమంటే అంబులెన్స్ షెడ్డులోకి దూరేది. ఎవరి చేతిలోనైనా చీపురుగానీ గొడుగుగానీ కనబడితే నేలకు అంటుకుపోయి అక్కడే మూత్రం పోసేసేది. మా ఆయా దానికి భీముడని పేరు పెట్టింది. విన్నవాళ్ళంతా నవ్వేవారు. దీపావళి మూడు రోజులూ అది షెడ్డులోంచి బయటికి రాలేదు, ముద్ద ముట్టలేదు.

పశువుల డాక్టరుగారిని పిలిపించి రేబిస్ టీకా వేయించాం, నులిపురుగుల మందు తాగించాం, పిడుదులకు మందు రాయించాం, తర్వాత పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాం. ఎవరి కుక్కనైనా ఇంటికి తెచ్చుకునేవారు ముందుగా అడగవలసింది టీకా కార్డు. కార్డు లేకపోతే టీకా పడలేదనే అనుకోండి. రేబిస్ లక్షణాలు మనిషిలో కనిపించాక దాదాపు ఎవరూ బ్రతకరు. టీకాతో మాత్రం దాన్ని పూర్తిగా ఆపవచ్చు.

నవంబరు 7న సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చింది. ఆస్పత్రులు, పాఠశాలలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో ఉన్న వీధికుక్కలను తీసి, ఆపరేషన్, టీకా చేయించి షెల్టర్లలో ఉంచాలనీ, తిరిగి అదే చోట వదలకూడదనీ దాని సారాంశం. రోగులు తిరిగే చోట కుక్కలు ఉండకూడదన్నది మాకూ ఒప్పుదలే. కాని మనిషి నీడకే వణికే ఈ కుక్క వంద కుక్కల మధ్య షెల్టర్‌లో ఏమవుతుందోనని మాకు దిగులు పట్టుకుంది. ఆ దిగులులోనే తొందరపడ్డాం.

మొదట అడిగినవారికే ఇచ్చేశాం. మంచి కుటుంబం, ముగ్గురు చిన్నపిల్లలు. "ఇంత పెద్ద కుక్క గుమ్మంలో ఉంటే దొంగ లోపలికి వస్తాడా సిస్టర్‌గారూ?" అన్నారు ఆ ఇంటాయన. అప్పుడే మేము ఆగవలసింది. వీధి వైపు గుమ్మంలో గొలుసుతో కట్టారు. దారిన పోయే ప్రతి బండికీ అది వణికింది, పారిపోదామంటే గొలుసు. మూడో రోజు అన్నం తింటుండగా ఆరేళ్ళ బాబు ముద్దుగా మెడ కౌగిలించుకున్నాడు. ముంజేతి మీద రెండు పళ్ళు దిగాయి.

తల్లి కాఫీపొడి అద్ది తీసుకొచ్చింది. మేము దాన్ని కడిగేసి, ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు గాయాన్ని శుభ్రం చేశాం. రక్తం వచ్చిన గాటు గనుక టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ మందును గాయం లోపల, చుట్టూ ఇచ్చారు. కుట్లు వేయలేదు, కుక్కకాటుకు వెంటనే కుట్లు వేయకపోవడమే మంచిది. కుక్కకు టీకా పడిందిగదా అని ఆగలేదు. చర్మంలో ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లూ పూర్తయింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాత మాట, దానికి భయపడి ఎవరూ ఇంట్లో కూర్చోవద్దు. కుక్కను పది రోజులు పశువుల డాక్టరుగారి పెరటి షెడ్డులో పెట్టి చూశారు. అది ఆరోగ్యంగానే ఉంది. బాబు చెయ్యి కూడా చక్కగా మానింది.

ఆ తల్లిదండ్రులు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తప్పు మాత్రం మాదే. ఎగబడి మొరిగే కుక్కను చూస్తే జనం దూరం జరుగుతారు. భయపడే కుక్కను చూస్తే పాపమని దగ్గరికి వెళ్తారు, చెయ్యి చాస్తారు. పారిపోయే దారి లేనప్పుడు దానికి మిగిలేది పళ్ళే. పెద్ద కుక్కయితే గాటు లోతు కూడా ఎక్కువ.

కరిచే ముందు అది చెప్పకపోలేదు, మనకే ఆ భాష తెలియలేదు. తోక కాళ్ళ మధ్యకు పోతుంది, చెవులు వెనక్కి అంటుకుంటాయి. నిద్ర లేకుండా ఆవలిస్తుంది, తిండి లేకుండా మూతి నాక్కుంటుంది. ముఖం పక్కకు తిప్పి, కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపించేట్టు ఓరగా చూస్తుంది. ఆఖరున రాయిలా బిగుసుకుపోతుంది. ఆ బిగుసుకోవడాన్ని "ఎంత బుద్ధిగా కూర్చుందో" అనుకుంటాం. అది చాలా ప్రమాదం. గుర్రుమన్న కుక్కను కొట్టవద్దు. గుర్రుమనడం హెచ్చరిక. కొట్టి అది మాన్పిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

రెండోసారి ఇల్లు చూసేటప్పుడు మేమే ప్రశ్నలు అడిగాం. ఇంట్లో పదేళ్ళలోపు పిల్లలున్నారా? ప్రహరీ ఎంత ఎత్తు? పగలు ఇంట్లో ఎవరుంటారు? ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు? పెద్ద కుక్క తిండికి, మందులకు నెలనెలా అయ్యే ఖర్చు తెలుసా? అందరికంటే ఎక్కువగా ఆశపడిన ఒక మామ్మగారికి కాదని చెప్పవలసి వచ్చింది. ఆమెకు తుంటి ఆపరేషన్ అయ్యింది. ముప్పై కిలోల కుక్క బెదిరి ఒక్క గుంజు గుంజితే మళ్ళీ ఆపరేషన్ టేబుల్ మీదికి రావాలి. ఆమె ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడరు.

చివరికి ఊరి బయట మామిడితోటలో ఉండే భార్యాభర్తలు కుదిరారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఇంట్లో ఇప్పటికే ఒక ముసలి ఆడకుక్క ఉంది, నెమ్మదైనది. బెదురు కుక్కకు మనమెంత చెప్పినా, ధైర్యంగల తోటి కుక్కను చూసి నేర్చుకున్నంత నేర్చుకోదు. ఆ అమ్మగారు తీసుకుపోయే ముందు నాలుగుసార్లు షెడ్డుకు వచ్చారు. ఎదురుగా నిలబడలేదు, పేరు పెట్టి పిలవలేదు. పక్కకు తిరిగి పీట మీద కూర్చుని ఇడ్లీ ముక్కలు దూరంగా వేసేవారు. చంటిపిల్లల వార్డులో సూది ట్రే పక్కన పెట్టి ముందు కాసేపు మంచం దగ్గర కూర్చోమని మా పిల్ల నర్సులకు మేము చెప్పేది ఇదే. నాలుగోసారి భీముడు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

2026 జనవరిలో, సంక్రాంతి సందడి తగ్గాక పంపించాం. మొదటి రోజుల్లో చుట్టాలను పిలిచి చూపించవద్దని, స్నానం చేయించవద్దని, మంచం కిందనుంచి లాగవద్దని చెప్పాం. చాలామంది కొత్త కుక్క బెరుకు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి అలవాట్లు పట్టడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు అంటుంటారు. బెదురు కుక్కకు ఇంకా ఎక్కువ పట్టవచ్చు. గేటుకు లోపలి నుంచి రెండో గొళ్ళెం పెట్టించాం, ఎందుకంటే ఇలాంటి కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి రోజుల్లోనే.

నెల తర్వాత చూసి రావడానికి వెళ్ళాం. ముసలి కుక్క వెనకాల తోటంతా తిరుగుతోంది. ఒళ్ళు చేసింది. మమ్మల్ని చూసి మంచం కిందికి వెళ్ళింది గాని, కాసేపటికి మూతి బయటపెట్టింది. గొడుగు తెరిస్తే ఇప్పటికీ పరుగేనట. వచ్చే ఆగస్టులో రేబిస్ టీకా మళ్ళీ వేయించాలి. బండి ఎక్కించి తేవద్దు, నేనే తోటకు వస్తానన్నారు పశువుల డాక్టరుగారు.